మూడోసారికి పలికే మనిషి

మొన్న భద్రాచలం సంతలో ఎవరో వెనక నుంచి నన్ను పిలిచారు. "మేడం" అని. నేను తిరగలేదు. ఇప్పపూలు కొలిచి పోస్తున్న ఆవిడ చేతులకేసి చూస్తూ అక్కడే నిలబడ్డాను. మళ్ళీ "మేడం" అన్నారు. విననట్టే ఉన్నాను. మూడోసారి కూడా పిలిచాక "ఆఁ" అంటూ వెనక్కి తిరిగితే ముత్తమ్మ. చేతిలో సంచీ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"చాచా రోగం మీగ్గూడ అంటుకున్నదా మేడం?"

అంటుకుందని ఆ క్షణం దాకా నాకే తెలియదు. ఏడేళ్ళపాటు ఆ రోగం గురించి రోజూ విసుక్కున్నదాన్ని నేనే.

చాచా పోయి అయిదు నెలలైంది. ఆయన పేరు ఇక్కడ రాయను. ఊరికే ఎవరైనా తన పేరు పలికితే ఆయన మొహం ముడుచుకునేవాడు. జీతం కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు కూడా పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టి సంతకం చేసేవాడు. పని లేనిదే పేరు బయటికి తియ్యొద్దనేవాడు. అందరికీ చాచాయే.

భద్రాచలంలో ఒక కిరాయి ఇంటి మేడ మీద మా ఆఫీసు. అడవి ఊళ్ళలోని పెద్దవాళ్ళ మాటలు, కథలు, పాటలు వాళ్ళ భాషల్లోనే రికార్డు చేసి దాచడం మా పని. ముత్తమ్మ కోయ రికార్డులు విని తెలుగులో రాస్తుంది. కంప్యూటర్ల బాధ్యత నాది. చాచా నాకు సహాయకుడని కాగితాల్లో ఉండేది. నిజానికి ఎవరు ఎవరికి సహాయకులో ఆఫీసులో అందరికీ తెలుసు. నేను మధిర నుంచి డిగ్రీలు పట్టుకుని వచ్చాను. ఆయన ఖమ్మంలో గిన్నెలకు కళాయి పోసే ఇంట్లో పుట్టి, రేడియోలు బాగు చేసి, టీవీలు బాగు చేసి, ఎవరూ నేర్పకుండానే లినక్స్ దాకా వచ్చాడు. చేతుల నిండా చిన్నప్పటి కళాయి కాలిన మచ్చలు. దారం కట్టిన కళ్ళజోడు. రోజూ సారపాక నుంచి గోదావరి బ్రిడ్జి మీదుగా సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవాడు.

ఏ యంత్రం ముందుకు వచ్చినా ముందు వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి చెవి దగ్గర పెట్టేవాడు. వాళ్ళ నాన్న గిన్నెల్ని అలాగే కొట్టి చూసేవాడట. సర్వర్ గదిలోకి వెళ్ళే ముందు తలుపు మీద కూడా కొట్టేవాడు. లోపల మనిషి లేడని తెలిసీ ఒక్క క్షణం ఆగేవాడు.

ఇక పిలిస్తే పలకకపోవడం. పక్క కుర్చీలో ఉన్నా సరే, "చాచా" అంటే కదలడు. "చాచా!" అంటే కళ్ళజోడు సర్దుకుంటాడు. మూడోసారి అరిస్తేగాని "ఆఁ, ఉన్న బిడ్డా" అనడు. ఫోను కూడా అంతే. రెండు కాల్స్ మోగి మోగి ఆగిపోవాలి. మూడో కాల్‌కే ఎత్తుతాడు. చేరిన కొత్తలో నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఏంటి చాచా, నేను పని మీద పిలుస్తుంటే మీకు ఆటగా ఉందా?"

ఆయన నవ్వకుండా చెప్పాడు. "ఆట గాదు బిడ్డా. అడివిల తిరిగినోళ్ళకు అలవాటు. రెండుసార్లు ఎవరన్న పిలుస్తరు. మూడోసారి పిలిచేది మనిషే."

ఇరవై ఏళ్ళ వయసులో ఆయన రేడియోలు సైకిల్‌కు కట్టుకుని చర్ల వైపు ఊళ్ళు తిరిగేవాడట. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, వెదురు పొదల మధ్య దారి, సైకిల్ నడిపించుకుంటూ పోతున్నాడు. తోడుగా ఆ ఊరి కోయ పెద్దమనిషి ఒకాయన. పొదల్లోంచి వాళ్ళమ్మ పిలిచింది. ఖమ్మంలో ఇంట్లో ఉన్న అమ్మ. ఆమె మాత్రమే పిలిచే ముద్దుపేరుతో.

"జవాబు నోటిదాంక వచ్చింది బిడ్డా. ఆ పెద్దాయన నా నోరు మూసిండు చేత్తోటి. ఇంకోసారి పిల్సింది. ఈసారి జర దగ్గర్నించి. ఆయన చెయ్యి తియ్యలె. అట్లనే నిలబడ్డం. ఎంతసేపో నాకు యాది లేదు. మూడో పిలుపు రాలె."

"ఎవరు చాచా అది?"

"నాకేం తెల్సు? గొంతు మాత్రం మా అమ్మదే. తేడా ఏం లేకుండె." అంతవరకు చెప్పి సాసర్‌లోకి టీ వంచుకున్నాడు. మధ్యాహ్నం పూట, ఫ్యాను తిరుగుతున్న ఆఫీసులో, ఆ మాటకు నా చేతుల మీద రోమాలు లేచాయి.

కంప్యూటర్లతో పరిచయం లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. మాకు ఒక సర్వర్, అయిదు మామూలు మిషన్లు. రికార్డులన్నీ సర్వర్‌లోని పెద్ద డిస్క్‌లో ఉంటాయి. మిగతా అయిదూ ఆ డిస్క్‌లోని ఫోల్డర్‌ను తమ సొంతమైనట్టే వాడుకుంటాయి. లినక్స్‌లో దీనికి ఎన్ఎఫ్ఎస్ అని ఒక పద్ధతి ఉంది. సర్వర్ మీద చిన్న జాబితా రాయాలి: ఏ ఫోల్డర్, ఎవరికి చూపాలి, ఎవర్ని రాయనివ్వాలి. ఇటు మిషన్లలో ఒక కమాండ్‌తో దాన్ని తగిలించాలి. మౌంట్ చెయ్యడమంటారు. నాకైతే గంట పని. చాచా రెండు రోజులు చేశాడు.

ఒంటి వేలితో టైపు చేస్తూ, ప్రతి వరసా పైకి చదివేవాడు. "ఈ మిషిన్‌కు చూపియ్యాలె, రాయనియ్యాలె. గా మిషిన్‌కు చూపియ్యాలె, రాయనియ్యొద్దు." ఎంటర్ కొట్టే ముందు బల్ల మీద కణుపుతో రెండు దెబ్బలు. పైగా నేను కొత్త వెర్షన్ పెడదామంటే వినలేదు. పాత మూడో వెర్షనే పెట్టాడు.

"కొత్తది ఎవరొచ్చిండ్రు, ఎవరు పోయిండ్రు అన్నీ యాదిల పెట్టుకుంటది. ఆ యాది పోయిందంటే లొల్లి. పాతదానికి గవేం పట్టవు. ఎప్పుడు పోయి అడిగినా, అడిగినదానికి జవాబు చెప్తది. అంతే."

మా అసలు పోట్లాట మాత్రం ఇంకొకటి. సర్వర్ పలకకపోతే ఏం చెయ్యాలన్నది మౌంట్ చేసేటప్పుడే చెప్పాలి. సాఫ్ట్ అని పెడితే, మిషన్ కొన్నిసార్లు అడిగి, జవాబు రాకపోతే తప్పు చూపించి ముందుకు పోతుంది. హార్డ్ అని పెడితే పలికేదాకా అడుగుతూనే ఉంటుంది. గంటైనా, నెలైనా. అప్పటిదాకా ఆ పని చేస్తున్న ప్రోగ్రాము కొయ్యబారి ఉంటుంది. చాచా అన్నిటికీ హార్డ్ పెట్టాడు. మా దగ్గర గాలివాన వస్తే చాలు, సర్వర్ గది కరెంటు పోయేది. అయిదు మిషన్లూ బిగుసుకుపోయేవి. తెర మీద ఒకటే వాక్యం, ఇంగ్లీషులో: సర్వర్ జవాబివ్వడం లేదు, ఇంకా అడుగుతున్నాను.

"చాచా, సాఫ్ట్ పెడదామండీ. ఎవరికీ పని జరగట్లేదు."

"ఆగితే ఆగనీ బిడ్డా. పెద్దోళ్ళ మాటలు దాస్తున్నం. సగం రాసి సగం ఒదిలేసే మిషిన్ నాకొద్దు."

ఆయన చుట్టాల పెళ్ళికని నాలుగు రోజులు ఖమ్మం వెళ్ళినప్పుడు నేను నాలుగు మిషన్లూ సాఫ్ట్‌కు మార్చేశాను. అయిదోది ఆయన సొంత మిషన్. పాస్‌వర్డ్ తెలియక ఊరుకున్నాను. ఆయన వచ్చి అన్నీ చూశాడు. ఒక్కొక్కదాని మీద కణుపుతో కొట్టాడు. తిరిగి మార్చలేదు. నాకు సిగ్గూ వేసింది, గెలిచానన్న గర్వమూ కలిగింది.

పోయిన ఏడు తొలకరి రోజుల్లో ముత్తమ్మ వాళ్ళమ్మ ఆఫీసుకు వచ్చింది. భద్రాచలం దవాఖానాలో చూపించుకుని వస్తూ, మెట్లెక్కలేక చాచా భుజం పట్టుకుని ఎక్కింది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉందట. మనిషి పోయిన ఏడాది లోపు, ఆ ఇంటి పాత పెద్దల పేర్లు మొదట్నుంచీ వరసగా పిలిచి, చివర కొత్తగా పోయినవాళ్ళ పేరు కలపాలి. కలిపితేనే వాళ్ళు ఇంట్లోకి వచ్చినట్టు. లేకపోతే గడప బయటే ఉండిపోతారు. ఆ పేర్లు ఒక్కరికే తెలిసి ఉంటాయి. ఇప్పుడు ఆ ఒక్కరూ ఆ ముసలమ్మే. ఆమె తర్వాత పిలవాల్సింది ముత్తమ్మ. కానీ ఆమె బతికుండగా ముత్తమ్మ ఆ వరస వినకూడదు. మామూలుగా పోయే ముందు ఇంటి పెద్దల్లో ఒకరికి చెప్పి, తర్వాత వాళ్ళ చేత పిలవాల్సినవాళ్ళకు చెప్పిస్తారు. ఆ పెద్దలు ఒకరి తర్వాత ఒకరు పోయారు. అందుకని మిషన్‌కు చెప్తానంది ముసలమ్మ.

రికార్డింగు గదిలో నా మిషన్ ఉంది. చాచా అక్కడికి పోనివ్వలేదు. తన గదిలో, తన మిషన్ ముందు కూర్చోబెట్టాడు. మైకు సర్ది, రికార్డు మొదలుపెట్టి, తను వినకూడదని బయట వరండాలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. నేనూ ముత్తమ్మా కిందికి దిగి టీ బండి దగ్గర నిలబడ్డాం.

అరగంట గడిచిందో లేదో మబ్బు కమ్మి పిడుగు పడింది. మేడ మీద ఎక్కడో టప్పుమన్నది. నేను మెట్లెక్కి సర్వర్ గదికి పరుగెత్తాను. కాలిన వాసన. సర్వర్ పోయింది. చాచా మాత్రం వరండాలోంచి కదలలేదు. లోపల ముసలమ్మ గొంతు సన్నగా, ఆగకుండా వినిపిస్తోందని, మధ్యలో తలుపు తీయలేదని తర్వాత చెప్పాడు. బ్యాటరీ మీద ఆయన మిషన్ నడుస్తూనే ఉంది. ఇంకో ఇరవై నిమిషాలు ఆమె చెప్పింది. చెప్పడం అయ్యాక లోపలికి పోయి, ఆపే బటన్ నొక్కాడు. రికార్డరు అక్కడే బిగుసుకుపోయింది. తెర మీద అదే వాక్యం: ఇంకా అడుగుతున్నాను.

మొదటి అరగంట కాలిన డిస్క్‌లో ఉంది. తర్వాత చెప్పినదంతా చాచా మిషన్ జ్ఞాపకంలో, రాయడానికి చోటు కోసం ఎదురుచూస్తూ ఉంది. మిషన్ ఆపితే పోతుంది. మళ్ళీ రికార్డు చేద్దామనుకుంటే వానలకు వాగులు పొంగి దారులు తెగిపోయాయి. మూడో వారంలో ముసలమ్మ పోయిందని కబురొచ్చింది.

అదే మధ్యాహ్నం నా సాఫ్ట్ మిషన్‌లో ఒక పడవ నడిపే ఆయన కథ సర్వర్‌కు ఎక్కుతోంది. అది సగంలో తెగిపోయిందని నాకు పక్షం తర్వాత తెలిసింది. ప్రోగ్రాము కిక్కురుమనలేదు. ఆ పడవాయన నవ్వుతూ వచ్చి మళ్ళీ చెప్పిపోయాడు, బతికున్నాడు గనక. చాచా నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నీ మిషిన్ మంచిదే బిడ్డా, జర జల్దీ ఎక్కువ" అన్నాడు, అంతే.

కొత్త సర్వర్ వచ్చింది. పాత రికార్డుల నకలు వేరేచోట ఉంది కాబట్టి దాన్ని ఎక్కించాను. అందులో లేనిది ఆ రోజు రికార్డు ఒక్కటే. మిగతా మిషన్లలో మార్పులు చేసే పని తప్పుతుందని పాత సర్వర్ పేరూ, అడ్రసూ కొత్తదానికే ఇచ్చాను. మా పనిలో ఎవరైనా చేసేదే. స్విచ్ మీద చెయ్యి వేస్తూ, "చాచా, ఆన్ చేస్తున్నా" అన్నాను. ఒక్కసారే అన్నాను.

మొదటి పిలుపుకే ఆయన లేవడం నేను చూసింది అప్పుడొక్కసారే. తన గదిలోకి పరుగెత్తి, తన మిషన్ వెనక నెట్‌వర్క్ కేబుల్ పట్టి లాగేశాడు.

"ఏంటి చాచా?"

"అదే పేరు. అదే అడ్రసు. ఇది అడుగుతాంది గద, గది పలుకుతది. ఇది నమ్ముతది. నమ్మి, ఇయ్యబోయి చూస్తే ఆ ఫైల్ అక్కడుండదు. గుర్తుపట్టక నోట్లదంతా ఒదిలేస్తది." కేబుల్ కొస గట్టిగా పట్టుకునే ఉన్నాడు. "గొంతు అదే ఉంటది బిడ్డా. తేడా ఏం ఉండదు."

నేను పుస్తకాల్లో చదివిన విషయమే. నకలు డిస్క్‌లో పాత ఫైళ్ళ గుర్తులు మారిపోతాయి. అదే డిస్క్ అయితేనే ఆ మిషన్ గుర్తుపడుతుంది. అంతా తెలిసే చెయ్యబోయాను. ముత్తమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

అప్పట్నుంచి అయిదు నెలలు ఆ మిషన్ ఆరకుండా చూశాడు చాచా. కేబుల్ లేదు, పని లేదు. ఫ్యాను మాత్రం తిరుగుతూ ఉండేది. కరెంటు పోతే బ్యాటరీ, ఆ బ్యాటరీ దిగిపోతే ఇంటి నుంచి తెచ్చిన ఇంకో బ్యాటరీ. ఆ గదిలో గట్టిగా మాట్లాడనిచ్చేవాడు కాదు. ముత్తమ్మ రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు వెళ్ళి, ఆ డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూసేది.

"వెచ్చగనే ఉన్నది" అనేది చాచాతో.

"ఉంటది. నోట్ల ముద్ద ఉన్నది. మింగలె, ఉమ్మలె."

నాకు ఆ గదిలోకి వెళ్ళాలంటే ఏదోలా ఉండేది. తెర మీద రికార్డరు అంకెలు ఆ మధ్యాహ్నం ఆగిన చోటే ఉన్నాయి. పక్కన గడియారం మాత్రం ఇవాళ్టి టైము చూపిస్తుంది. పోయిన మనిషి మాటలు లోపల ఉన్నాయి, ఎవరూ వినలేరు. అన్నం తినే వేళ గది ముందు నుంచి పోతూ నేను తెలియకుండానే అడుగుల చప్పుడు తగ్గించేదాన్ని.

కాలిన డిస్క్‌లో పోయింది అడుగున ఉండే ఆకుపచ్చ సర్క్యూట్ పలక ఒకటే. లోపలి పళ్ళేలు బాగున్నాయి. సరిగ్గా అదే రకం, అదే తయారీ డిస్క్ ఇంకోటి దొరికితే, దాని పలక తీసి దీనికి బిగించి, పాత పలక మీది చిన్న చిప్పు ఊడదీసి కొత్తదాని మీద అతకాలి. చాచా ఖమ్మం, విజయవాడ, హైదరాబాదు పాత సామాన్ల బజార్లన్నీ తిరిగాడు. ఎక్కడికి పోయినా జేబులో ఆ డిస్క్ నంబరు రాసిన చీటీ. మా పై ఆఫీసువాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదుగాని, దొరుకుతుందనీ నమ్మలేదు.

ఆయన పోయిన రోజు సెలవు పెట్టలేదు, ఆఫీసుకూ రాలేదు. పదకొండింటికి సర్వర్ గది తాళం కనిపించక ఫోన్ చేశాను. మోగి ఆగింది. మళ్ళీ చేశాను. మోగి ఆగింది. అంతలో తాళం నా బ్యాగులోనే దొరికింది. ఇక చెయ్యలేదు. సారపాకలో ఇంట్లో ఒక్కడే ఉన్నాడట. మధ్యాహ్నం పక్కింటివాళ్ళు చూశారు. గుండె అన్నారు. ఏ టైముకో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ మూడో కాల్ చేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. చెయ్యలేదని మాత్రం తెలుసు.

వారం తర్వాత పై ఆఫీసు నుంచి మెయిలు వచ్చింది. ఆయన గది ఖాళీ చేసి, పాత మిషన్ ఆపేసి పంపమని. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళాను. ముత్తమ్మ నా వెంటే వచ్చి డబ్బా మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఏడవలేదు. "అమ్మ అందుల్నే ఉన్నది మేడం" అంది.

"డిస్క్ బాగుపడలేదు ముత్తమ్మా. ఇంకెన్నాళ్ళు ఉంచుతాం?"

"ఏడాది ఇంక నిండలె గద."

స్విచ్ మీద వేలు పెట్టాను. అప్పుడు వెనక నుంచి, వరండా వైపు నుంచి, "బిడ్డా" అని వినిపించింది.

"ఆఁ చాచా" అన్నాను. ఏడేళ్ళ అలవాటు, నోరు దానంతటదే అనేసింది. తిరిగి చూస్తే వరండాలో ఎండ తప్ప ఏమీ లేదు.

ముత్తమ్మ మొహం పాలిపోయింది. "ఎవరితోటి మాట్లాడినవ్ మేడం?" అంది. మీరు అనడం కూడా మరిచిపోయింది. ఆమె ఏమీ వినలేదట. ఇద్దరం మూడోసారి కోసం నిలబడ్డాం. రెండోసారీ రాలేదు, మూడోసారీ రాలేదు. ఫ్యాను తిరుగుతోంది.

స్విచ్ మీంచి చెయ్యి తీసేశాను. ఆయన కుర్చీలో కూర్చుని, ఊరికే బల్ల సొరుగు లాగాను. లోపల బిస్కెట్ల డబ్బా ఉంది. తెరిస్తే పాత పంచె గుడ్డలో చుట్టిన డిస్క్. కొత్త పలక బిగించి ఉంది. మూలన ఆ చిన్న చిప్పు, దాని కాళ్ళకు మెరిసే తగరం చుక్కలు. అంత సన్నని అతుకు ఈ ఊళ్ళో ఇంకెవరి చెయ్యీ వెయ్యలేదు. ఎప్పుడు దొరికిందో, ఎప్పుడు అతికాడో ఎవరికీ చెప్పలేదు. డబ్బా అడుగున క్యాలెండర్ కాగితం వెనక పెద్ద పెద్ద అక్షరాలు: "ముందుగాల డిస్క్. తర్వాత సర్వర్ పాత అడ్రసు. ఆఖరుకు కేబుల్, ఈ రెంటి నడుమనే, ఇంకో దానికి తగలనియ్యొద్దు. జల్దీ చెయ్యకు."

ఆ చివరి మాట నాకే రాశాడు. చదివి ఏడ్చాను.

పక్కన పడి ఉన్న మిషన్‌లో డిస్క్ బిగించాను. బిగించే ముందు కణుపుతో రెండుసార్లు కొట్టాను, ఏం వినాలో తెలియకపోయినా. తిరిగింది. ఫోల్డర్లు కనిపించాయి. పాత అడ్రసు ఇచ్చాను. జాబితా రాశాను, వరస వరసా పైకి చదువుతూ. చాచా మిషన్‌కు చూపాలి, రాయనివ్వాలి. ఎంటర్ కొట్టాను. తర్వాత రెంటి మధ్యా ఒకే ఒక్క కేబుల్.

ఏమీ జరగలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ముత్తమ్మ అరచెయ్యి డబ్బా మీదే ఉంది. నేను కేబుల్ తీసి మళ్ళీ పెట్టబోయి, కాగితం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పుడు తెర మీద కొత్త వరస వచ్చింది. సర్వర్ పలికింది అని. అయిదు నెలల కింద ఆగిన రికార్డరు కిటికీ దానంతటది మూసుకుంది. ఫైలు చూస్తే ఒకే ముక్కగా, చివరిదాకా ఉంది.

"అయ్యిందా?" అంది ముత్తమ్మ.

"అయ్యింది."

ఆమె తలుపేసుకుని ఒక్కతే విన్నది. నేను చాచా నిలబడ్డ చోటే వరండాలో నిలబడ్డాను. గంట తర్వాత బయటికి వచ్చింది. చేతిలో మడిచిన కాగితం. అది నాకు చూపించలేదు, నేను అడగలేదు. "ఆఖరుకు పేర్లేం లెవ్వు. అది మీరు ఇనొచ్చు" అని నా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది.

ముసలమ్మ ఊపిరి పీలుస్తోంది. దూరంగా వాన. "సాయిబూ" అని పిలిచింది. కాసేపు వాన చప్పుడు. "సాయిబూ." మళ్ళీ వాన. "ఓ సాయిబూ!" అప్పుడు ఎక్కడో బయట నుంచి, తలుపు అవతల నుంచి, చాచా గొంతు. "ఆఁ, ఉన్నమ్మా." అడుగులు దగ్గరికొచ్చాయి. అక్కడితో అయిపోయింది.

ఇదంతా గుర్తొచ్చి, సంతలో ముత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఊళ్ళో పేర్లు పిలిచే ఆ పని అయిపోయిందని అంతకుముందే ఫోన్లో చెప్పింది.

"అంతా మంచిగ జరిగిందా?"

"జరిగింది మేడం. అన్ని పేర్లు వరసగ పిల్సిన, ఒక్కటి తప్పలె. అమ్మ లోపటికొచ్చింది." కొంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వింది. "చాచాను గూడ పిల్సినం. ఆయన లేకుంటే ఈ పేర్లే లెవ్వు గద. మా పెద్దోళ్ళు ఒప్పుకున్నరు."

"మూడుసార్లు పిలిచారా?"

ముత్తమ్మ నవ్వు ఆగిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "లేదు. రెండుసార్లకే ఆపుమన్నరు. మూడోసారి పిలిస్తే వస్తడు గద మేడం."

ఆమె బస్సుకు వెళ్ళిపోయింది. నేను ఇప్పపూల సంచీ పట్టుకుని కాసేపు అక్కడే నిలబడి ఫోను తీశాను. ఆయన నంబరు ఇంకా ఉంది. దాని కింద ఆ రోజు పదకొండింటికి చేసిన రెండు కాల్స్ ఉన్నాయి. వేలు దాని మీదకు పోయింది. మళ్ళీ తీసేసుకున్నాను.